ఎండలో నీడ గీసిన మేడం

మేడం పోయిన సంగతి నాకు కూరగాయలమ్మే రాజవ్వ చెప్పింది. కరీంనగర్ బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం నాది. నేను మాట్లాడడం అయిపోయేదాకా రాజవ్వ ఎంక్వయిరీ కిటికీ అవతల గంప దించుకొని నిలబడింది. తర్వాత దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది.

"మన బొమ్మల మేడం లేదటమ్మా. మొన్న మందమర్రిల పానం పోయిందట."

ఆ మాట అని రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వంగింది. ఏడుస్తున్నదనుకొని కిటికీలోంచి చెయ్యి చాపాను. ఆమె నవ్వుతున్నది. ఏదో గుర్తొచ్చిందట. ఏం గుర్తొచ్చిందో అడగకుండానే నాకు అర్థమై, నాకూ నవ్వు ఆగలేదు. వేములవాడ బస్సు సంగతి అడగడానికి వచ్చిన పెద్దాయన మా ఇద్దరినీ చూసి, ఇక్కడ లాభం లేదనుకొని పక్కకు పోయాడు.

తన చావు కబురు విన్నవాళ్లకు కూడా నవ్వు తెప్పించే మనిషి నా ఎరుకలో మేడం ఒక్కతే.

ఆమె పుట్టుపూర్వోత్తరాలు నాకు పెద్దగా తెలియవు. తండ్రి బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడని, మందమర్రి కాలనీలో చిన్న కొడుకు దగ్గర ఉంటాడని తెలుసు. ఈమె కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. పెళ్లి సంగతి నేనడగలేదు, ఆమె చెప్పలేదు. పొడుగ్గా, సన్నగా ఉండేది. కళ్లద్దాలకు దారం కట్టుకొని మెడలో వేసుకునేది. కొంగు చివర ఎప్పుడూ సుద్ద దుమ్ము ఉండేది. చేతిసంచిలో సుద్దముక్కలు, చెక్క స్కేలు, తడిగుడ్డ. టీ మాత్రం సాసర్లో పోసుకొనే తాగేది. టీ కొట్టతను కాగితం కప్పులు మొదలుపెట్టిన తర్వాత ఇంటినుంచి సాసరు తెచ్చుకొని సంచిలో వేసుకున్నది.

ఆమె పని ఏమిటంటే, ఊళ్లో అందరూ చూసి చూడకుండా పోయే చోట ఏదో ఒకటి చేసి పెట్టడం. బొమ్మలు వేసేది అనడానికి కూడా లేదు. కొన్నిసార్లు బొమ్మ, కొన్నిసార్లు ఒక మాట, కొన్నిసార్లు ఉత్త గీత. చీర మీద ఖాకీ కోటు తొడుక్కొని, పట్టపగలు, నడిరోడ్డు మీద, జీతం తీసుకుంటున్నంత ధీమాగా కూర్చొని గీసేది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని భయం లేదా అని ఒకసారి అడిగాను.

"రాత్రి చేస్తె దొంగపని అంటరు చెల్లె, పగలు చేస్తె డ్యూటీ అంటరు" అన్నది.

మా బస్టాండు వెనక ఒక పొడుగాటి గోడ ఉండేది. అక్కడ మూత్రం పోయరాదని ఎర్ర అక్షరాలతో రాసిపెట్టారు. ఆ రాత కిందనే వరుసగా నిలబడేవాళ్లు. మేడం ఒకరోజు ఆ రాత మీద సున్నం కొట్టి, దాని చోట ఒక కిటికీ వేసింది. నీలం రంగు చెక్క రెక్కలు, ఒకటి సగం తెరిచి ఉంది. అందులోంచి ఒక ముసలవ్వ, నోట్లో పొగాకు పెట్టుకున్నట్టు దవడ ఉబ్బించి, బయటికి చూస్తున్నది. ఆమె ముఖంలో కోపం లేదు. ఎవరొచ్చారా అని చూసే చూపు, అంతే. తొందరగా వచ్చినవాడు గోడదాకా పోవడం, తలెత్తడం, ఆగడం, అటూ ఇటూ చూసి వేరే పని మీద వచ్చినట్టు వెనక్కి తిరగడం. మా టీ కొట్టు దగ్గర జనం ఈ తమాషా చూడడానికే నిలబడేవాళ్లు. ఒక పల్లెటూరి మనిషి మాత్రం కళ్లు సరిగా ఆనలేదేమో, చేతులు జోడించి, "మంచిగున్నవా అవ్వా?" అని అడిగి మరీ వచ్చాడు. మేడం ఆ ముచ్చట విన్నప్పుడు సాసర్లో టీ ఒలికిపోయేలా నవ్వింది.

మా బస్టాండు ఊడ్చే లచ్చవ్వ ఫ్లెక్సీ సంగతి ఇంకా గొప్పది. చౌరస్తాలో ఎప్పుడూ ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది కదా. పెద్దాయన చెయ్యి ఊపుతుంటాడు, కింద గుండ్రటి గళ్లలో చిన్న నాయకుల ముఖాలుంటాయి. మేడం ఒకరోజు లచ్చవ్వ దగ్గరికి వచ్చి, పుట్టినరోజు ఎప్పుడని అడిగింది. లచ్చవ్వ నవ్వి, అది తనకే తెలియదన్నది. అయితే మరీ మంచిది, ఏ రోజైనా పెట్టొచ్చు అన్నది మేడం. బస్సును ఆపినట్టు చెయ్యి లేపమని ఫోటో తీసుకున్నది.

వారం తిరక్కుండా చౌరస్తాలో, ఇద్దరు నాయకుల నడుమ, వాళ్లంత ఎత్తున లచ్చవ్వ లేచింది. ఒక చేతిలో చీపురు, ఇంకో చెయ్యి జనానికి అభివాదం చేస్తున్నట్టు పైకి. "మా బస్టాండు మహారాణి లచ్చవ్వకు జన్మదిన శుభాకాంక్షలు." కింద గుండ్రటి గళ్లలో టీ కొట్టతను, మూటలు మోసే అంజయ్య, నేను. చివరి గడిలో బస్టాండులో తిరిగే నల్లకుక్క. అది కూడా మాలాగే చాలా గంభీరంగా చూస్తున్నది.

లచ్చవ్వ సిగ్గుతో చౌరస్తా వైపు రాకుండా సందులోంచి పనికి వచ్చింది. తర్వాత మనవరాళ్లను, వియ్యపురాలిని, ఆ వియ్యపురాలి చెల్లెలిని వెంటబెట్టుకొచ్చి దాని కింద ఫోటోలు దిగింది. మామూలుగా ఆ చౌరస్తాలో ఒకరి ఫ్లెక్సీ మీద ఇంకొకరు కట్టేస్తారు. లచ్చవ్వ జోలికి మాత్రం ఎవరూ రాలేదు. ఆమె ఎవరి మనిషో, తీసేస్తే ఎవరికి కోపం వస్తుందో తెలియదు కదా. ఒక చిన్న నాయకుడు టీ కొట్టుకు వచ్చి, లచ్చవ్వ ఏ పార్టీ అని గొంతు తగ్గించి అడిగాడట. టీ కొట్టతను కూడా గొంతు తగ్గించి, "నీకు తెల్వదా?" అన్నాడట. అతను తెలుసన్నట్టు తలూపి పోయాడు. వానలు పడి రంగు వెలిసిపోయేదాకా లచ్చవ్వ అక్కడే చెయ్యి ఊపుతూ ఉన్నది.

నాకు ఆమెతో స్నేహం కుదిరింది మైకు వల్ల. ప్రతి శనివారం తండ్రిని, ఆమె మాటల్లో బాపును, చూడడానికి మందమర్రి పోయేది. బస్సు కోసం వచ్చి నా కిటికీ దగ్గర నిలబడి వింత ప్రశ్నలు అడిగేది. నేను మాట్లాడేది ఎంత దూరం వినిపిస్తుంది? నా గొంతును జనం గుర్తుపడతారా? కూరగాయలు కొనేటప్పుడు ఎవరైనా నన్ను చూసి, నువ్వు మైకు అమ్మవు కదా అన్నారా? ఎవరూ అనలేదని చెప్పాను. నిజమే, ఇన్నేళ్లుగా ఊరంతా నా గొంతు వింటున్నది, నన్ను ఎవరూ ఎరుగరు. ఆ మాట నాకు అంతకుముందు తట్టలేదు.

ఒక ఎండాకాలం శనివారం ఆదిలాబాద్ బస్సు ఎంతకీ రాలేదు. ప్లాట్‌ఫారం నిండా జనం. చెమటలు, పిల్లల ఏడుపులు, సంచులకు సంచులు తగిలి కొట్లాటలు. మేడం కిటికీ దగ్గరికి వచ్చి, నేను ఒక్క మాట ఎక్కువ చెప్తే ఏమవుతుందని అడిగింది. ఏం మాట అన్నాను. చెప్పింది. ఉద్యోగం పోతుందేమో అనిపించింది, అయినా నోరు ఊరుకోలేదు. మైకు నొక్కాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆదిలాబాద్ బస్సు ఆలస్యంగా వస్తుంది. అప్పటివరకు మీ పక్కన కూర్చున్నవారిది ఏ ఊరో అడగండి."

అందరూ మైకు వైపు చూశారు. తర్వాత ఒక మూలనుంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో "మాది జగిత్యాల, మీది?" అన్నారు. ఇక చూడండి, పెళ్లింట్లో విస్తళ్లు వేసినప్పటి సందడి. బోథ్ నుంచి వచ్చిన ఒక రైతు, మరాఠీ కలిసిన యాసలో, పక్కనున్న నస్పూర్ ఆమెను ఏ ఊరని అడిగాడు. ఆమె తన కాలనీ పేరు చెప్పింది. అతని చిన్ననాటి దోస్తు, బాయిపనికని ఇల్లు విడిచిపోయి మళ్లీ జాడ తెలియనివాడు, ఆమె పక్కింట్లోనే ఉంటున్నాడు. ఆమె అప్పటికప్పుడు ఫోను కలిపి ఇచ్చింది. ఆ రైతు ఫోను చెవికి పెట్టుకొని కింద కూర్చుండిపోయి వింటున్నాడు. అతని చుట్టూ ఉన్నవాళ్లంతా తమ చుట్టమే దొరికినట్టు నవ్వుతున్నారు.

బస్సు వచ్చింది. ఎవరూ లేవలేదు. కండక్టరు హారన్ కొట్టించి, కొట్టించి, నా కిటికీ దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు. మా మేనేజరు గారు పిలిపించి, ఎవరు చెప్పమన్నారని అడిగారు. నేనే చెప్పానన్నాను. ఆయన పెన్ను టేబుల్ మీద అటూ ఇటూ దొర్లించి, రోజూ చెప్పొద్దని, బస్సు లేటైనప్పుడే చెప్పమని అన్నారు. ఆ సాయంత్రం కూరగాయల దగ్గర ఒకామె నా మాట విని తలెత్తి, "నువ్వు మైకు అమ్మవు గాదు?" అన్నది. ఆమే ఈ రాజవ్వ, తర్వాత నాకు ఇంత దగ్గరిదైంది.

ఇదంతా ఎందుకు చేస్తావని మేడంను ఒక్కసారే అడిగాను. సాసర్లో టీ ఊదుకుంటూ వాళ్ల బాపు ముచ్చట చెప్పింది. బాయిలో పని మొదలుకాకముందు కూలీల మీద పెద్దగా ఉండే సర్దారు ముందుగా పోయి, పైకప్పును కర్రతో కొట్టి చూసి, బాగుంటే సుద్దతో ఒక గీత గీసేవాడట.

"గా గీత కనవడితె కడుపుల సల్లగుంటుండె అనేటోడు బాపు. ఎవలో వచ్చి చూసిండ్రన్నట్టు. నేను చేసేది గంతే చెల్లె."

ఇక రాజవ్వకు నవ్వు తెప్పించిన సంగతి చెప్తాను.

మార్కెట్ రోడ్డులో కానుగ చెట్ల వరుస ఉండేది. వాటిలో అన్నిటికంటే పెద్దదాని కింద రాజవ్వ, ఇంకొందరు ఆడవాళ్లు కూరగాయలు పెట్టుకునేవాళ్లు. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ చెట్లు కొట్టేస్తారని తెలిసిన రోజు, మధ్యాహ్నం మూడింటికి, మేడం ఖాకీ కోటు తొడుక్కొని వచ్చి ఆ పెద్ద చెట్టు నీడ అంచు వెంబడి సుద్దతో గీత గీసుకుంటూ తిరిగింది. గంపల మధ్యనుంచి, ఆడవాళ్ల కాళ్ల సందుల్లోంచి, పార్కు చేసిన బండ్ల కిందినుంచి. నీడ జరిగిపోతుందేమోనని వంచిన నడుము ఎత్తకుండా గీసింది. జనం ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

చెట్లు పోయాయి. కొత్తగా సిమెంటు పోశారు. ఆడవాళ్లను మార్కెట్ వెనక ఖాళీ జాగాలోకి పొమ్మన్నారు. అక్కడికి కొనేవాళ్లు రారు. రాజవ్వ టమాటాలు పొద్దున ఎలా పోతే సాయంత్రం అలాగే ఇంటికి వచ్చేవి. ఇంట్లో అవే వండుకొని, అవే పక్కింటికి ఇచ్చి, ఒకరోజు మొత్తం గంప ఆవుకు పెట్టేసిందట.

మేడం ఆ గీతను ఒక పెద్ద కాగితం మీద ముందే దించుకున్నది. మందమర్రి నుంచి బొగ్గుపొడి తెచ్చి, గంజిలో కలిపి, ఒక పగలంతా కూర్చొని ఆ కొత్త సిమెంటు మీద, సరిగ్గా పాత చోటనే, చెట్టు నీడను తిరిగి వేసింది. కొమ్మలు, ఆకులు, ఆకుల మధ్య వెలుగు చుక్కలు. చెట్టు లేదు, నీడ ఉన్నది. మర్నాడు తెల్లారేసరికి బండ్లవాళ్లు అలవాటుగా ఆ నీడలోనే బండ్లు నిలిపారు. పదింటికల్లా రాజవ్వ వాళ్లు గంపలతో తిరిగి వచ్చి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. నేను పోయి, నిజంగా చల్లగా ఉందా అని అడిగాను. "సల్లగనే ఉన్నది" అన్నది రాజవ్వ, నా ముఖం వైపు చూడకుండా. నల్లరంగు వల్ల కింద ఇంకా ఎక్కువ కాలుతుందని మేడమే నాతో ఒప్పుకున్నది. అందుకే గోనెసంచులు పరుచుకొమ్మని వాళ్లకు ముందే చెప్పిందట.

నాలుగు రోజులకు ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. చిన్న వయసువాడే. ఎండకు తలకు దస్తీ కట్టుకొని ఉన్నాడు. నేను ఆ సమయానికి వంకాయలు ఏరుకుంటున్నాను. మేడం పక్కనే ఉంది. ఆయన సిమెంటు మీద ఆ నలుపు అంచున, ఎండలో నిలబడి, ఎవరు పూశారని అడిగాడు.

"నేనే సారు. చెట్టు తీస్కపోయిండ్రు గని, నీడ తీస్కపోవుడు మర్శిపోయిండ్రు."

"నీడ తీస్కపోవుడేందమ్మా?"

"జర లోపటికొచ్చి మాట్లాడుండ్రి సారు. ఎండల నిలవడ్డరు."

ఆయన ఒక అడుగు ముందుకు వేసి ఆ బొగ్గు నీడలోకి వచ్చాడు. వచ్చి, తలమీది దస్తీ విప్పి, మెడ తుడుచుకొని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరం ఆయన జేబు వైపే చూస్తున్నాం. ఆయన మా చూపులు చూసి, పైకి చూశాడు. మీద ఆకాశం, సూర్యుడు తప్ప ఏమీ లేవు. చెయ్యి మెల్లగా తలమీదికి పోయింది. ముందుగా నవ్వింది రాజవ్వ. తర్వాత ఆ రోడ్డు రోడ్డంతా నవ్వింది. ఆ సారు కూడా ఆపుకుందామని చూసి, వల్లకాక, జీపు బానెట్ మీద చెయ్యి ఆనించి నవ్వాడు.

కానీ ఆయనకు పైనుంచి చెప్పినవాళ్లున్నారు. సాయంత్రానికి రోడ్డు సాఫుగా ఉండాలి, ఫోటో పంపాలి. ఆ మాట ఆయన నేల చూస్తూ చెప్పాడు. మేడం కొట్లాడుతుందనుకున్నాం. ఆమె బకెట్ తెప్పించుకున్నది. మనుషులను పిలిపించొద్దని, గీసినోళ్లే తుడవాలని అన్నది. ఏ గోడ మీదదైనా ఆమె పద్ధతి అదే. కొంగు బిగించి, బ్రష్షు పట్టుకొని, ఆకుల నీడనుంచి మొదలుపెట్టింది. చివరి కొమ్మలు పోయాయి. వెలుగు చుక్కలు పోయాయి. రుద్దుకుంటూ రాజవ్వ గోనెసంచి దాకా వచ్చి, లేవమన్నది.

"నువ్వు తుడువు బిడ్డా. నేనైతె లేవ. బేరం నడుస్తున్నది" అన్నది రాజవ్వ.

పక్కామె కూడా లేవలేదు. ఆ పక్కామె కూడా. సారు చెప్పి చూశాడు. మేడం మాటిచ్చిందిగానీ తాము ఇవ్వలేదని వాళ్లు జవాబు చెప్పారు. మేడం వాళ్ల వైపు కాసేపు చూసింది. తర్వాత ఒక్కొక్కరి చుట్టూ జాగ్రత్తగా, సంచి అంచు వెంబడి తుడుచుకుంటూ పోయింది. సాయంత్రానికి సారు ఫోటో తీసుకున్నాడు. రోడ్డు సాఫుగానే ఉన్నది. నడుమ ఆడవాళ్లు కూరగాయలు అమ్ముకుంటున్నారు. ఆ ఫోటోనే పంపాడు.

పొద్దుపోయి వాళ్లు లేచిన తర్వాత చూస్తే, సిమెంటు మీద ఎవరు కూర్చున్నంత మేర వాళ్ల నీడ మిగిలింది. రాజవ్వది వెడల్పుగా, పక్కామెది మోకాలు ఒకటి చాపినట్టు. మర్నాడు ఎవరి నలుపు మీద వాళ్లు వచ్చి కూర్చున్నారు. మాకిచ్చిన జాగా ఇదేనని అడిగినవాళ్లకల్లా చెప్పారు. కొన్ని నెలలకు అమ్ముకునేవాళ్లకు చోట్లు చూపించి పసుపు గీతలు కొట్టే పని మొదలైంది. ఆ సారే వచ్చి దగ్గరుండి, ఆ నల్లటి మరకల చుట్టూనే డబ్బాలు గీయించాడు. ఇప్పుడు పైన ఆకుపచ్చ నెట్టు కూడా కట్టారు.

ఆ రోజు తుడవడమైపోయి చేతులు కడుక్కుంటున్నప్పుడు, బాధగా ఉందా అక్కా అని అడిగాను. ఆమె ముఖం వెలిగిపోతున్నది.

"నేను చెట్టు నీడ గీసిన. వాల్లు వాల్ల నీడ ఉంచుకున్నరు. నాకంటె మంచిగ గీసిండ్రు చెల్లె."

తర్వాత మేడం బడి మానేసి బాపు దగ్గరికి పోయింది. తనకు జబ్బు చేసిన సంగతి మాకు చెప్పలేదు.

రాజవ్వ, లచ్చవ్వ, నేను పెద్దకర్మ రోజు మందమర్రి పోయాం. కాలనీ ఇంటి ముందు షామియానా వేశారు. చుట్టాలు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. లోపల మంచం మీద వాళ్ల బాపు. పండిపోయిన మనిషి, చెవులు మాత్రం బాగానే వినిపిస్తాయి. ఎవరమని అడిగాడు. కరీంనగర్ నుంచి వచ్చామని, మేడం తెలిసినవాళ్లమని చెప్పాను. పేర్లు అడిగాడు. చెప్పాం.

లచ్చవ్వ పేరు వినగానే ఆయన లేచి కూర్చున్నాడు.

"బస్టాండు లచ్చవ్వనా? చీపురు వట్టుకొని చెయ్యి లేపిన లచ్చవ్వనా?"

అవునన్నది లచ్చవ్వ, కొంగు సర్దుకుంటూ. ఆయన ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, రాజవ్వ వైపు తిరిగాడు. బేరం నడుస్తున్నదని లేవనిది నువ్వేనా అని అడిగాడు. నన్ను ఏదైనా మైకులో చెప్పినట్టు చెప్పమన్నాడు. నేను ఆదిలాబాద్ బస్సు సంగతి చెప్పాను. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. గోడమీది అవ్వకు ఒకడు నిజంగా దండం పెట్టాడా? సారు నిజంగా దస్తీ విప్పాడా? కుక్క ఫోటో కూడా వేసిందా? అన్నిటికీ అవును, అవును అంటూ పోయాం. చెప్తున్నకొద్దీ ఆయనకు నవ్వు ఎక్కువైంది. పొట్ట పట్టుకున్నాడు, దగ్గు వచ్చింది, కోడలు నీళ్లు తెచ్చింది. షామియానాలో చుట్టాలు లేచి, ఏమైందోనని తలుపు దగ్గరికి వచ్చారు.

"శనివారం శనివారం వచ్చి చెప్తుండె" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "ముసలోన్ని నవ్వియ్యనీకి కల్పిచ్చి చెప్తున్నదనుకున్న. ఊకే చెప్తవ్ బిడ్డా అంటుంటి."

మా ముగ్గురి ముఖాలు మరోసారి చూసి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లను చేత్తో లోపలికి పిలిచాడు.

"ఇటు రండ్రి. వీల్లంత ఉన్నరు. నా బిడ్డ ఒక్క అబద్ధం గూడ ఆడలే."